చెరువులో పడవ దింపుట



మా ఓరుగల్లు ప్రాంతమున చెరువునకు తెప్ప క్రొత్త కాదు. జాలరి దానిని భుజమున మోసికొని వచ్చి నీట వేయును. పని ముగియగనే గట్టునకు చేర్చును. ఇంజనుపడవకు ఈ సౌకర్యము లేదు. అది మనుష్యుల భుజబలమునకు లొంగదు. కావున పొలము దున్ను ట్రాక్టరునే ఆశ్రయింపవలసి వచ్చుచున్నది.

ఇది విహారమునకు సంబంధించిన మాట మాత్రమే కాదు. 2023 జూలైలో మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచినపుడు, జనులను కాపాడుటకు హెలికాప్టర్లతోబాటు పడవలును వచ్చినవి. పడవ యున్నంతనే చాలదు. అది క్షేమముగ నీటిని చేరవలెను. ఇంగ్లండులో రక్షకపడవలను పూర్వము గుఱ్ఱములచే ఈడ్పించెడివారు. 1920లో హన్‌స్టంటన్ తీరమున ఆ పనికి ట్రాక్టరును పరీక్షించి చూచిరి.

మొదట చోటు చూడవలెను. పాకాల చెరువు గణపతిదేవుని (1199-1262) ఏలుబడి నాటిది. అన్ని తరములు నీటిని నిలిపిన కట్టను పడవదారికై త్రవ్వరాదు. కట్టకు దూరముగ, శిఖమువైపు, గట్టినేలను వెదకవలెను. తూమునకును మత్తడికిని దగ్గర వలదు. అచ్చట నీరు లాగును. వేసవిలో నీరు తీసిన చోట ఒండ్రు పైకి ఎండి కనబడినను అడుగున బురద యుండును. గడకఱ్ఱతో పొడిచి చూచినగాని చక్రము పెట్టరాదు.

దింపునపుడు తడిసిన బ్రేకును నమ్మరాదు. తక్కువ గేరులో, ఇంజను పట్టుపైననే మెల్లగ దింపవలెను. పొడవైన మోకు కట్టినచో పడవబండి నీట దిగినను ట్రాక్టరు పొడినేలపై నిలుచును. ఈడ్చునపుడు పడవలోని నీటిని ముందుగ తోడివేయవలెను. ఒక ఘనమీటరు నీరు వేయి కిలోలు తూగును గదా.

ఇక నా తప్పు చెప్పెదను. ఒక చిన్న చెరువు కడ పడవ బురదలో దిగబడినది. తొందరలో మోకును క్రింది కొక్కెమునకు గాక, ట్రాక్టరు వెనుక ఎత్తుననున్న కడ్డీకి కట్టించితిని. ఈడ్వగనే ముందు చక్రములు రెండును గాలిలోనికి లేచినవి. డ్రైవరు తక్షణమే క్లచ్చి త్రొక్కుటచే ట్రాక్టరు వెనుకకు తిరుగబడలేదు. కాని మోకు సడలి, పడవ వెనుకకు జారినది. దానికి భుజమిచ్చి త్రోయుచున్న ముసలి జాలరి బురదలో పడెను. కాలు విఱుగలేదు గాని నెల దినములు కుంటెను.

ఆయన నన్ను తిట్టలేదు. “అయ్యా, ఎడ్లయితే బరువు తెలిసి ఆగుతయి. దీనికేం తెలుస్తది?” అనెను.

తెలిసియుండవలసినది నాకు. నాటినుండి మూడు కట్టుబాట్లు పెట్టుకొంటిని. మోకును క్రింది కొక్కెమునకే కట్టవలెను. సైగ ఒక్కరే చేయవలెను. పడవ వెనుకగాని, మోకు వెంబడిగాని ఎవ్వరును నిలువరాదు. సాగిన నైలాను మోకు తెగినచో కొరడావలె కొట్టును.

యంత్రమునకు బలము కలదు. ఆగవలసిన చోటు తెలియదు. ఆ తెలివిని మనమే దానికి తోడుగ పంపవలెను.

సెలవు.