విదేశాలలో మానసిక సలహా వృత్తి: ముందు అర్హత, తరువాత వీసా

(మనస్తత్వశాస్త్ర, సమాజసేవా విభాగాల స్నాతకోత్తర విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇందాక సభలోనికి వస్తూ ఉండగా మీలో ఒకరు నన్ను, “కౌన్సిలర్ ఉద్యోగానికి ఏ దేశంవారు వీసా ఇస్తారండీ?” అని అడిగారు. ప్రశ్నలో తప్పులేదు. కాని అది మూడవదిగా అడగవలసిన ప్రశ్న. ఆ దేశపు చట్టం ఈ వృత్తిని ఏ పేరుతో గుర్తిస్తున్నది అన్నది మొదటి ప్రశ్న. ఆ పేరుతో పనిచేయడానికి మన చదువు, మన అనుభవం చెల్లుతాయా అన్నది రెండవది. ఈ రెండింటికీ సమాధానం దొరికిన తరువాతనే, మన తరఫున తన ప్రభుత్వానికి హామీపడి వీసా ఇప్పించగల యజమానిని వెదకవలసి ఉంటుంది. ఈ క్రమం తెలియక కాలాన్నీ ధనాన్నీ పోగొట్టుకున్నవారు అనేకులున్నారు. వారిలో నేనూ ఒకడిని.

బ్రిటన్ సంగతి చూడండి. అక్కడ క్లినికల్ సైకాలజిస్టు, కౌన్సిలింగ్ సైకాలజిస్టు వంటి పేర్లకు 2009 నుండి చట్టరక్షణ ఉన్నది. ఆరోగ్య, సంరక్షణ వృత్తుల మండలిలో నమోదు కానివారు ఆ పేర్లు పెట్టుకోరాదు. వట్టి ‘కౌన్సిలర్’ అనే పేరుకు అటువంటి రక్షణ లేదు. అయినప్పటికీ ఉద్యోగమిచ్చేవారు బ్రిటిష్ అసోసియేషన్ ఫర్ కౌన్సిలింగ్ అండ్ సైకోథెరపీ వంటి వృత్తి సంఘంలో సభ్యత్వం కోరుతారు. ఇంతకన్న ముఖ్యమైన విషయం మరొకటున్నది. 2025 జూలై 22 నుండి స్కిల్డ్ వర్కర్ వీసా కోసం క్రొత్తగా దరఖాస్తు చేసేవారి ఉద్యోగం సాధారణంగా డిగ్రీ స్థాయిదై ఉండాలని నియమం వచ్చింది. ఇక్కడ లెక్కకు వచ్చేది ఉద్యోగపు స్థాయి, మన పట్టా కాదు. ఎం.ఏ. చదివినవారు తక్కువ స్థాయిగా వర్గీకరించిన ఉద్యోగంలో చేరితే, వారి ఎం.ఏ. ఆ ఉద్యోగాన్ని పైకి లేపదు. కనుక ప్రకటన చదవగానే జీతం చూడకండి. ఆ ఉద్యోగపు వర్గీకరణ సంఖ్య ఏమిటో, యజమాని పేరు అనుమతి పొందిన సంస్థల జాబితాలో ఉన్నదో లేదో చూడండి. ఆ జాబితాను బ్రిటిష్ ప్రభుత్వమే ప్రకటిస్తుంది. దానిని చూడడానికి ఎవరికీ పైసా చెల్లించనక్కరలేదు.

అమెరికా మార్గం వేరు. అక్కడ లైసెన్సు ఇచ్చేది కేంద్ర ప్రభుత్వం కాదు, ఆయా రాష్ట్రాలు. మాస్టర్స్ పట్టా, దాని తరువాత అనుభవజ్ఞుని పర్యవేక్షణలో పని, పరీక్ష, వీటన్నిటి పిమ్మట లైసెన్సు. కాలిఫోర్నియాలో వృత్తి కౌన్సిలర్ కాదలచినవారు 3,000 గంటల పర్యవేక్షిత సేవను, తక్కువలో తక్కువ 104 వారాలపాటు చేయవలసి ఉంటుంది. అక్కడే చదివిన విదేశీ విద్యార్థికి చదువు తరువాత పనిచేయడానికి సాధారణంగా లభించే గడువు 12 నెలలు. శాస్త్ర సాంకేతిక విషయాలు చదివినవారికి లభించే 24 నెలల పొడిగింపు కౌన్సిలింగ్ పట్టాకు సాధారణంగా వర్తించదు. లెక్క వేయండి. 104 వారాల పనికి 52 వారాల అనుమతి! మధ్యనున్న ఈ అగాధాన్ని దాటించవలసింది యజమాని తెచ్చే హెచ్-1బి వీసా. దానికి ఏడాదికి 65,000, అమెరికాలో మాస్టర్స్ చదివినవారికి మరి 20,000 అనే పరిమితి ఉన్నది. విశ్వవిద్యాలయాలకు, వాటికి అనుబంధమైన లాభాపేక్ష లేని సంస్థలకు ఆ పరిమితి వర్తించదు కనుక, విశ్వవిద్యాలయపు విద్యార్థి సలహా కేంద్రాలు ముందుగా చూడదగిన చోట్లు. 2025 సెప్టెంబరులో, దేశం వెలుపల ఉన్నవారి కొరకు వేసే క్రొత్త దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము విధిస్తూ అధ్యక్షుని ప్రకటన వెలువడినది. బయలుదేరే ముందు ఆనాటి నియమమేదో చూసుకొనక తప్పదు.

కెనడాలో ఈ అధికారం ప్రావిన్సులది. ఆంటారియోలో 2015 నుండి సైకోథెరపిస్టులకు ప్రత్యేక నియంత్రణ కళాశాల ఉన్నది. ప్రక్క ప్రావిన్సుకు పోతే నియమం మారవచ్చు. న్యూజిలాండులో 2021 ఫిబ్రవరి నుండి సోషల్ వర్కర్లకు నమోదు తప్పనిసరి అయినది. సమాజసేవలో స్నాతకోత్తర పట్టా గలవారు కౌన్సిలర్ అనే మాటనే పట్టుకొని కూర్చోక, ఈ ద్వారాన్ని కూడా పరిశీలించాలి.

ఇక నా పొరపాటు చెబుతాను. ఒక ఆసుపత్రిలో నాలుగేళ్ళు పనిచేశాను. ఎందరి బాధలు విన్నానో లెక్కలేదు. నిజంగానే లెక్కలేదు, ఎందుకంటే నేను వ్రాసిపెట్టుకోలేదు. విదేశంలో నమోదుకు దరఖాస్తు పెట్టినప్పుడు, “ఎన్ని గంటలు? ఎవరి పర్యవేక్షణలో? సంతకం ఏది?” అని అడిగారు. నా పర్యవేక్షకులు అప్పటికే కాలధర్మం చెందారు. నాలుగేళ్ళ సేవ కాగితం మీద సున్నా అయింది. అక్కడ మరల విద్యార్థిగా రెండేళ్ళు గడపవలసి వచ్చింది. ఆ రెండేళ్ళకు అయిన అప్పు మా నాన్నగారు పొలం అమ్మి తీర్చారు.

కనుక నేటినుండే ఒక పుస్తకం పెట్టండి. తేదీ, గంటలు, చేసిన పని స్వభావం, పర్యవేక్షకుని సంతకం. బాధితుల పేర్లు మాత్రం వ్రాయకండి, అది వృత్తిధర్మం. పాఠ్యప్రణాళిక ప్రతిని, మార్కుల పత్రాలను విశ్వవిద్యాలయపు ముద్రతో తీసి ఉంచండి. క్లినికల్ సైకాలజిస్టులైతే 1992 నాటి చట్టం ప్రకారం భారత పునరావాస మండలిలో నమోదు పొందండి. స్వదేశంలో నమోదు లేనివారిని పరదేశం నమ్మదు.

దళారుల విషయం. ప్రాయోజక పత్రం యజమాని ఇచ్చేది, అంగడిలో అమ్మేది కాదు. “ముందు వెళ్ళండి, పర్యాటక వీసాను తరువాత మార్పిస్తాం” అనే మాట వింటే లేచి వచ్చేయండి. 1983 నాటి వలస చట్టం ప్రకారం మన దేశంలో విదేశీ ఉద్యోగాలకు మనుషులను చేర్చే ఏజెంటు ప్రభుత్వం వద్ద నమోదై ఉండాలి. అతడు తీసుకొనదగిన రుసుముకు 30,000 రూపాయలు, దానిపై పన్ను అని హద్దు కూడ ఉన్నది.

మిత్రులారా, ఇంతవరకు కాగితాల సంగతి చెప్పాను. మన వృత్తికి పనిముట్టు కాగితం కాదు, భాష. తెలుగువాడు ‘బెంగ’ అన్నా, ‘దిగులు’ అన్నా, ‘గుబులు’ అన్నా ఒకే బాధ కాదు. ఊరు విడిచినవానిది బెంగ, దారి తోచనివానిది దిగులు, ఏదో కీడు జరుగుతుందని లోలోపల భయపడేవానిది గుబులు. మీరు వెళ్ళే దేశంలోనూ ఇటువంటి మాటలుంటాయి. ఇంగ్లీషు పరీక్షలో మంచి మార్కులు వచ్చినంత మాత్రాన అవి చెవికి అందవు. వెళ్ళకముందే అక్కడివారి మాట వినండి, వారి కుటుంబాల తీరు తెలుసుకోండి. మరొక వైపు, గల్ఫ్ దేశాలలో జగిత్యాల, నిజామాబాదు ప్రాంతాల నుండి వెళ్ళిన కూలీలు, డ్రైవర్లు ఎందరో ఉన్నారు. వారి బెంగను వారి మాటలోనే వినగలవారు అక్కడ అరుదు. దుబాయిలో చికిత్సాలయంలో సైకాలజిస్టుగా పనిచేయాలంటే అక్కడి ఆరోగ్య అధికార సంస్థ లైసెన్సు కావాలి. పట్టాలు నిజమైనవేనా అని మూలసంస్థను అడిగి సరిచూస్తారు. ఆ శ్రమపడి వెళ్ళగలిగితే మీ తెలుగు అక్కడ అదనపు అర్హత అవుతుంది.

చివరిగా ఒక మాట. 2015-16 నాటి జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో దాదాపు 15 కోట్ల మందికి మానసిక చికిత్స అవసరం. రుగ్మతను బట్టి 70 నుండి 92 శాతం మందికి అది అందడం లేదు. 2022 అక్టోబరు 10న ఆరంభమైన టెలి-మానస్ సేవ 14416 నెంబరుపై తెలుగుతో సహా అనేక భారతీయ భాషలలో పలుకుతున్నది. ఆ ఫోను ఎత్తడానికి మనుషులు కావాలి కదా! వెళ్ళేవారిని నేను నిందించను. నేనూ వెళ్ళినవాడినే. అక్కడ క్రమబద్ధమైన పర్యవేక్షణ అంటే ఏమిటో నేర్చుకున్నాను. తిరిగి వచ్చి ఇక్కడ నా వద్ద పనిచేసే పిల్లల పుస్తకాలలో ప్రతి శనివారం సంతకం పెడుతున్నాను. వారి గంటలు నా గంటలవలె పోరాదని.

వెళ్ళినా, ఉన్నా, ఎదుటివారి మాట పూర్తిగా వినే ఓపికను మాత్రం విడువకండి. సెలవు.