మనుమలకు సైకిలు నేర్పేటప్పుడు
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల సంగతి పెద్దలు మాట్లాడారు. నేను సైకిలు గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. మనలో చాలామంది సైకిలు అడ్వాన్సు తీసుకుని, నెలనెలా జీతంలో కోయించుకుని, దాని మీదే ఆఫీసుకు వెళ్ళినవాళ్ళం. ఈ విద్యలో మనకు తెలియనిది లేదని నేనూ అనుకునేవాణ్ణి.

కిందటి వేసవి సెలవుల్లో మా పదకొండేళ్ళ మనుమడికి గ్రౌండులో సైకిలు నేర్పాను. పట్టుకుని పరుగెత్తే ఓపిక నాకు లేదు. అందుకని సీటు దించి, రెండు పాదాలూ నేలకు ఆనేట్టు చేసి, కాళ్ళతో నెట్టుకుంటూ పొమ్మన్నాను. మూడు రోజుల్లో బ్యాలెన్సు వచ్చింది. "వెనక్కి చూడకురా, ముందుకే చూడు" అని మాత్రం వందసార్లు చెప్పి ఉంటాను.

వారం తిరక్కుండానే రోడ్డెక్కించాను. మా సందులోకి కుడివైపు తిరగాలి. వాడు తాత చెప్పినట్టే ముందుకే చూస్తూ తిప్పేశాడు. వెనక లారీ! డ్రైవరు బ్రేకు వేయబట్టి బిడ్డ దక్కాడు. అతను వాణ్ణి ఏమీ అనలేదు. నాకేసి చూసి, "నేర్పింది మీరేనా పెద్దాయనా?" అన్నాడు. నేను తల దించుకున్నాను.

గ్రౌండులో పడకుండా కాపాడిన మాటే రోడ్డు మీద ప్రాణం మీదికి తెచ్చింది. మర్నాడు మళ్ళీ గ్రౌండుకే వెళ్ళాం. ముగ్గుపిండితో పొడుగ్గా గీత గీశాను. వాడు దాని మీద తొక్కుతూ, కుడి భుజం మీదుగా వెనక్కి చూసి, నేను ఎన్ని వేళ్ళు చూపానో చెప్పాలి. తల తిప్పితే హ్యాండిలూ అటే లాగుతుంది కనుక గీత తప్పకుండా చూడడానికి పది రోజులు పట్టింది. తరువాత కుడిచేయి చాపి చూపడం నేర్పాను. ఆపైన సందులు. మెయిన్ రోడ్డు అన్నిటికన్నా చివర.

మిగతావి క్లుప్తంగా చెబుతాను. ఎడమ పక్కనే వెళ్ళాలి. సందు చివర ఆగి, కాలు కింద పెట్టి చూడాలి. ఆగిన కారుకు తలుపు తెరిచేంత దూరం ఉంచాలి. మలుపుల్లో బస్సుకు, లారీకి ఎడమపక్కన దూరరాదు. డ్రైవరుకు మనం కనబడం. రెండు బ్రేకులు, హెల్మెట్, చీకటిలో లైటు, వెనక రిఫ్లెక్టరు తప్పనిసరి.

కన్నవాళ్ళకు తీరిక లేదు, మనకు ఉంది. తొక్కడం వచ్చిందని తొందరపడి వదిలేయకండి. వెనక్కి చూడడం వచ్చాకే పిల్లలను రోడ్డు మీదికి పంపండి.