హంస గూడు, మొండి తాడి

(నిజాంపట్నంలో కార్తిక మాస సభయందు చేసిన ప్రసంగ పాఠం)



ఈ సాయంకాలం హంసను గురించి నాలుగు మాటలు చెప్పవలసినదిగా పెద్దలు ఆదేశించారు. హంస అనగానే వాగ్దేవి వాహనం, మానస సరోవరం, పాలను నీటినుండి వేరుచేసే నేర్పు మనకు స్ఫురిస్తాయి. వాటిని పండితుల ముఖతః మీరు ఎన్నోమార్లు విని ఉన్నారు. అయితే హంస ఎక్కడ గుడ్లు పెడుతుందన్న ప్రశ్న మనలో ఎవరమూ వేసుకోము. నేను ఆ ఒక్క విషయమే చెప్పదలచాను. అందుకు కారణం నేను చేసిన ఒక పొరపాటు.

కొన్నేళ్ళ క్రితం శ్రావణ మాసంలో మన కోనేటి గట్టున యాత్రికులకు నడకదారి వేయించే పని నాకు అప్పగించారు. దారికి అడ్డంగా ఒక మొండి తాడి ఉండేది. ఎప్పుడో తుపానులో తల తెగిపోయి, పైభాగం కుళ్ళి తొర్రపడి, చూచేవారికి వికారంగా నిలిచి ఉండేది. కొట్టించివేశాను. నేలకూలిన మ్రాను తొర్రనుండి తెల్లని గుడ్లు దొర్లి బయటపడ్డాయి. లెక్కపెడితే తొమ్మిది. అన్నీ పగిలిపోయాయి. చిలుకవి కాబోలు అన్నాను. అక్కడే వల బాగుచేసుకుంటున్న ఒక వృద్ధ మత్స్యకారుడు తలెత్తి, “చిలకవి కావండి అయ్యగారూ, బాతువి” అన్నాడు. “ఏమయ్యా పెద్దాయనా, బాతు తాటిచెట్టెక్కి గుడ్లు పెడుతుందా?” అని నవ్వాను. ఆయన నవ్వలేదు. కోనేటి నడుమ తామరాకుల మధ్య నిశ్చలంగా ఉన్న ఒక చిన్న పక్షిని చేతితో చూపించాడు.

దానిని ఆంగ్లంలో కాటన్ టీల్ అంటారు. బాతుల జాతిలోకెల్లా మిక్కిలి చిన్నవాటిలో ఒకటి; జానెడుకు కొంచెం ఎక్కువ పొడవు. మగదానికి తెల్లని మెడ, దానిచుట్టూ నల్లని కంఠాభరణం వంటి పట్టె, వీపున ఆకుపచ్చ మెరుపు ఉంటాయి. ఇది నేలపై గూడు కట్టదు. వానకాలంలో నీటి ఒడ్డునున్న చెట్టు తొర్రను వెదకుకొంటుంది. దొరకనప్పుడు పాత కట్టడాల గోడలలోని రంధ్రంలోనైనా చేరుతుంది. తొర్రను స్వయంగా తొలుచుకొనే ముక్కు దానికి లేదు. వడ్రంగిపిట్ట తొలిచి వదలినదో, కాలమే కుళ్ళజేసినదో దానికి కావాలి. పిల్లలు గుడ్డునుండి వెలువడిన ఒకటి రెండు రోజులకే తల్లి క్రింద నీటిలో నిలిచి పిలుస్తుంది. రెక్కలు రాని పిల్లలు ఒకటి తరువాత ఒకటి తొర్ర అంచునుండి దూకుతాయి. దూదిపింజల వంటి దేహాలు కనుక దెబ్బ తగలదు.

ఈల వేసినట్లు కూస్తూ సాయంవేళ మన పొలాలపై ఎగిరే గోధుమరంగు బాతులున్నాయి కదా, అవీ చెట్టు తొర్రలలో గుడ్లు పెడతాయి. కాకులు, కొంగలు వదలివేసిన పాత గూళ్ళను సైతం వాడుకొంటాయి.

ఇక హంస మాట. మానస తీరాన యాత్రికులకు హంసలని చూపే పక్షులలో ముఖ్యమైనది పట్టెతల బాతు. తెల్లని తలపై రెండు నల్లని పట్టెలుంటాయి. శీతకాలంలో ఇది హిమాలయాలను దాటి కర్ణాటకలోని మాగడి చెరువుకు, తమిళనాడులోని కూంతంకుళానికి సైతం వస్తుంది. ఈ పక్షి విషయంలో మనకొక తెలుగు సాక్షి ఉన్నారు. తూర్పు గోదావరి ప్రాంతంలో 1896లో జన్మించిన స్వామి ప్రణవానంద కైలాస మానస ప్రాంతాన్ని ఏళ్ళతరబడి పరిశోధించారు. 1936–37లో మానస తీరంలోని ఒక బౌద్ధ మఠంలో ఏడాదిపాటు నివసించారు. ప్రక్కనున్న రాక్షసతాల్ గడ్డకట్టినప్పుడు మంచుపై నడచి అందులోని దీవులను చేరారు. ఆ దీవులలో ఈ బాతులు గుడ్లు పెడతాయని, వాటిని ఏరుకొనడానికి అక్కడివారు మంచు కరుగకముందే వెళ్ళి ఉంటారని వ్రాశారు.

నన్ను ఆలోచింపజేసినది ఇదే. రాక్షసతాల్ రావణుడు తపస్సు చేసిన చోటని ప్రతీతి. యాత్రికులు మానసలో స్నానం చేస్తారు గాని ఆ నీటిని ముట్టరు. మనం వర్జించిన సరస్సునే హంస పురిటికి ఎంచుకొన్నది! అది పుణ్యపాపాలు చూడలేదు. మంచు కరిగిన తరువాత నక్క, తోడేలు రాలేని రాతినేలను చూచుకొన్నది. మనకు వికారంగా కనిపించిన మొండి తాడి కూడా ఆ బాతుకు అటువంటి దీవియే కదా.

కవులకు ప్రియమైన జక్కవ సంగతి మరీ విచిత్రం. రాత్రివేళ జంట విడిపోయి విలపిస్తుందని మనం చదివిన ఆ చక్రవాకం లడఖ్, టిబెట్టు కొండచరియల బొరియలలో గుడ్లు పెడుతుంది. మాస్కో నగరంలో అయితే ఎత్తైన పాత భవనాల అటకలలో కాపురం పెట్టింది. వేసవిలో తల్లిదండ్రులు పిల్లలను వెంటబెట్టుకొని వీధులు దాటించి చెరువులకు చేరుస్తాయి. జనం వాహనాలను ఆపి దారి ఇస్తారు.

మన నిజాంపట్నానికి తిరిగి వద్దాం. ఇక్కడ సముద్రం దగ్గర, ఉప్పునేల ఎక్కువ. చేలు అనేకం రొయ్యల చెరువులయ్యాయి. ఆ గట్లమీద చెట్టు నిలువదు. తొర్రపడేంత వయసున్న చెట్లు, వాటి ప్రక్కన మంచినీరు, రెండూ ఒకేచోట ఉన్నది ఇటువంటి కోనేళ్ళ దగ్గరనే. కొత్త మొక్కలు నాటించడానికి దాతలు ఉదారంగా ముందుకు వస్తున్నారు, సంతోషమే. కాని నేడు నాటిన మొక్క తొర్రపడడానికి అనేక దశాబ్దాలు పడుతుంది. నేను కొట్టించిన దానికి బదులు నా జీవితకాలంలో ఇవ్వలేను.

కోనేటి ఉత్తరపు గట్టుకు రాతికట్టడం కోసం విరాళాలు సమకూరాయి. ఆ గట్టున మరి రెండు మొండి తాళ్ళు మిగిలి ఉన్నాయి. కట్టడం వాటిని చుట్టి పోవాలని, పని ఆషాఢం నుండి ఆశ్వయుజం వరకు ఆపాలని ధర్మకర్తలను కోరాను. ఖర్చు కొంత పెరుగుతుంది, సంవత్సరం ఆలస్యమవుతుంది. శిలాఫలకంపై తమ పేరు ఈ ఏడే చూడాలని ఆశించిన దాతలకు ఇది కష్టంగా ఉండవచ్చు. వారిని నేనే కలిసి క్షమాపణ చెప్పుకొంటాను.

మొన్న భాద్రపదంలో ఆ రెండు తాళ్ళలో పడమటి దానినుండి ఒక పక్షి తల బయటపెట్టి చూడడం ఇద్దరం చూశాము, నేనూ ఆ వృద్ధుడూ. వచ్చే వానకాలంలో దర్శనానికి వచ్చినవారు తూర్పు మెట్లపై కూర్చుంటే తొర్ర స్పష్టంగా కనబడుతుంది. తెల్లవారుజామున రండి, గట్టు దగ్గరకు మాత్రం పోకండి.