ఎండల్లో పూసే అడవి ఉల్లి



ఈ సాయంత్రం అడవి ఉల్లి గురించి మాట్లాడతాను. కొన్నిచోట్ల దీన్ని నక్కవుల్లిగడ్డ అంటారు, వృక్షశాస్త్రంలో డ్రిమియా ఇండికా. దక్కను రాతిగుట్టల మీద, గులకరాళ్ల బీళ్లలో, సముద్రం ఒడ్డు ఇసుకలో కూడా పెరుగుతుంది. మీలో చాలామంది దీని పక్కనుంచే నడిచి ఉంటారు.

మార్చి, ఏప్రిల్‌లో గడ్డి సైతం మాడిపోయిన నేలలోంచి ఒక సన్నటి కాడ లేస్తుంది. ఒక్క ఆకూ ఉండదు. కాడ మోకాలెత్తు, ఒక్కోసారి నడుమెత్తు పెరుగుతుంది. దాని మీద ఎడమెడంగా పూలు. పక్కన కూర్చుని చూడండి: ఆరు రేకులు, వెలిసిన రంగు, రేకు నడుమ గోధుమ, ఆకుపచ్చ కలిసిన చార. కిందినుంచి పైకి వరసగా విచ్చుకుంటాయి. ఒక్కో పువ్వు ఒక రోజైనా నిలవదు. ఆ తర్వాత మూడు అరల కాయ, అందులో నల్లటి పలుచని గింజలు. కాయ పగిలితే గాలికి చెదిరి, తొలకరి నాటికి నేలకు చేరతాయి.

మరి ఆ ఎండలో నీరెక్కడిది? నిరుడు వానల్లో ఆకులు తయారుచేసిన ఆహారం, నీరు గడ్డలో పొరపొరలుగా దాగి ఉంటాయి. ఆకులు మళ్లీ వచ్చేది వానలు పడ్డాకే. అప్పటికి పూలకాడ ఎండిపోతుంది. అందుకే రెండూ వేరువేరు మొక్కలని పొరబడడం మామూలే.

ఉల్లిలా ఉంది కదా అని దయచేసి నోట పెట్టకండి. ఇందులో గుండె మీద పనిచేసే గ్లైకోసైడ్లున్నాయి. కణంలోంచి సోడియాన్ని బయటికి తోసే పంపును అవి అడ్డుకుంటాయి. దాంతో లోపల కాల్షియం పెరిగి గుండె గట్టిగా ముడుచుకుంటుంది, మోతాదు మించితే లయ తప్పుతుంది. కఫానికి మందుగా వైద్యంలో వాడిన గడ్డే ఇది, కానీ మందుకూ విషానికీ మధ్య ఎడం చాలా తక్కువ. ఇంట్లో ప్రయోగాలు వద్దేవద్దు.

సామర్లకోటలో పనిచేసి, 1793లో కలకత్తా వెళ్లిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ ఈ మొక్కను అప్పట్లో సిల్లా ఇండికా పేరుతో వర్ణించాడు.

నా బాధ ఒక్కటే. వేసవిలో గుట్టను చూసి, బోడినేల కదా అని కంకరకు తవ్వేస్తున్నాం. గడ్డ పోతే పూలూ ఆకులూ రెండూ పోయినట్టే. విద్యార్థులారా, ఏప్రిల్‌లో పూలకాడ కనబడినచోట నాలుగు రాళ్లు పేర్చి గుర్తు పెట్టుకోండి, ఆగస్టులో వెళ్లి ఆకులు చూడండి. గుట్ట మీద ఏమేం ఉన్నాయో ఆ రెండు రాకల తర్వాతే రాయండి. గడ్డను మాత్రం తవ్వకండి.