కిటికీ తెర, కరెంటు దీపం

మొన్న చెన్నైలో ఒక ఆఫీసుకు పని మీద వెళ్లాను. పగలు 11 గంటలు. తూర్పు కిటికీలకు తెరలు దించి, లోపల ట్యూబులైట్లన్నీ వేసుకున్నారు. ఎందుకండీ అంటే, "పొద్దున ఎండ కండ్లలో కొడతాది సార్" అన్నారు. ఎండ ఎప్పుడో పైకెక్కింది. తెర ఎత్తాలని ఎవరికీ తోచలేదు.

ఈ మరుపుకే ఇప్పుడు యంత్రం వచ్చింది. ఎండ సూటిగా పడితే సెన్సారు కనిపెడుతుంది, మోటారు తెర పలకలను వాలుస్తుంది. ఎండ తప్పుకోగానే తెరుస్తుంది. లోపలికి వెలుతురు వచ్చే కొద్దీ దీపాలు వాటంతటవే తగ్గుతాయి. దీపాల వేడి తగ్గితే ఏసీకీ ఆ మేరకు పని తప్పుతుంది.

అయితే, అద్దం దాటి వచ్చిన వేడిని లోపలి తెర పూర్తిగా వెనక్కి పంపలేదండీ. బయటే ఆపాలి. మన పెద్దల వసారా, వెదురు తడిక చేసింది ఆ పనే. హైదరాబాదులో 2004లో ప్రారంభమైన సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌లోనూ జాలీ గోడలు కట్టారు, పగటి వెలుగుతోనే పని నడిచేలా చూసుకున్నారు.

మా బడిలో మోటారుకు డబ్బులేవీ? పడమటి గది తెర తాడు ఏడో తరగతికి అప్పగించాం. నిన్న పొద్దున నేను అలవాటుగా స్విచ్చి మీద చెయ్యి వేశాను. ఒక పిల్ల లేచి తాడు లాగింది.