కంప్యూటరు కూస్తే కంగారు వద్దు

2014లో జీవన్ ప్రమాణ్ వచ్చాక మన మండపేట పింఛనుదార్లకూ కంప్యూటరుతో పని పడింది. స్విచ్ వేస్తే తెర నల్లగా ఉండి, లోపల బీప్ బీప్‌మని కూస్తుంటే, నేను చూసినంతలో చాలాసార్లు అది ర్యామ్ గోలే. ర్యామ్ మనం రాసుకునే బల్ల వంటిది. పింఛను కాగితాలు, ఫొటోలు దాచే బీరువా హార్డ్ డిస్కు. బల్ల విరిగితే బీరువా ఖాళీ కాదు కదా! అంచేత, కూత వినగానే ‘ఫార్మాట్ కొట్టాలండీ’ అనే కుర్రాడికి తల ఊపకండి.

ముందు ప్లగ్ పీకండి. ఒంట్లోని స్థిర విద్యుత్తు పోయేలా ఇనుప డబ్బాను తాకి, ర్యామ్ పట్టీ తీయండి. దుమ్ము, మన కాలువల తేమ చేరి దాని పసుపు అంచు సరిగా అంటదు. మనవడి రబ్బరుతో మెల్లగా రుద్ది, పొట్టు దులిపి, క్లిప్పు టక్కుమనేదాకా నొక్కండి. రెండు పట్టీలుంటే ఒకే గాడిలో ఒక్కొక్కటీ పెట్టి చూడండి. ఒకదానికే కూస్తే అదే చెడ్డది. రెండిటికీ కూస్తే గాడి మార్చండి. కొత్తది కొనేటప్పుడు పాతది చేత పట్టుకెళ్ళండి. డీడీఆర్ 3 గాడిలో డీడీఆర్ 4 దిగదు.