బంగారు పూత వెనక పొగ

నాటింగ్‌హామ్ నుంచి మాట్లాడుతున్నాను. మీలో చాలామంది షిఫ్ట్ బ్రేక్‌లో వింటారు కాబట్టి సూటిగా విషయంలోకి వస్తాను.

మన ఇళ్లలో ఆవకాయ జాడీ ఉంటుంది కదా. అలాంటి పింగాణీ జాడీకి బంగారు పూత పూసిన కంచు పీఠం, పిడులు తొడిగితే ఎలా ఉంటుంది? లండన్‌లోని వాలెస్ కలెక్షన్‌లో అలాంటివి ఉన్నాయి. టికెట్ లేదు. మన రైలు ఆగే సెయింట్ పాంక్రస్ నుంచి ట్యూబ్‌లో మూడు స్టాపులు వెళ్లి బేకర్ స్ట్రీట్‌లో దిగి నడవడమే.

పింగాణీ చైనాలో జింగ్‌డెజెన్ బట్టీల్లో కాలి, కాంటన్ రేవు నుంచి ఓడలెక్కేది. 18వ శతాబ్దంలో పారిస్ వర్తకులు దాన్ని కొని, కంచు తొడుగులు చేయించి, గొప్పవాళ్లకు అమ్మేవాళ్లు. మన దగ్గర్లో బర్మింగ్‌హామ్‌లో మాథ్యూ బౌల్టన్ కూడా ఇలాంటి తొడుగులు చేయించాడు. ఆయన ఎక్కువగా వాడింది పక్కనున్న డెర్బీషైర్‌లో తవ్విన బ్లూ జాన్ రాయి.

ఇప్పుడు అసలు సంగతి. ఆ పూత ఎలా పూసేవాళ్లంటే, బంగారాన్ని పాదరసంలో కలిపి ముద్ద చేసి, కంచుకు రాసి, నిప్పుల మీద కాచేవాళ్లు. పాదరసం ఆవిరైపోయి బంగారం మిగిలేది. ఆ ఆవిరంతా పనివాడి ఊపిరిలోకి పోయేది. నోరు పుళ్లు పడేది, చేతులు వణికేవి. చేతి పని మీద బతికేవాడికి చెయ్యే వణికితే ఇంకేం మిగిలిందండి?

పారిస్‌లో రావ్రియో అనే కంచు వస్తువుల తయారీదారు ఇదంతా దగ్గరుండి చూశాడు. ఆయన 1814లో చనిపోయాడు. పనివాళ్లను ఈ విషం నుంచి కాపాడే దారి కనిపెట్టినవాళ్లకు ఇవ్వమని వీలునామాలో 3,000 ఫ్రాంకులు రాసిపెట్టాడు. 1818లో దార్సే అనే రసాయన శాస్త్రవేత్తకు ఆ బహుమతి దక్కింది. ఆయన చూపించింది పొగను గదిలోకి రానీకుండా పైకి లాగేసే పొయ్యి. అంతే! బంగారం కొనడానికి డబ్బులున్న చోట, పొగగొట్టం కోసం అన్నేళ్లు ఆగాల్సి వచ్చింది.

మన విషయానికొస్తే, ఈ దేశంలో 1974 నాటి చట్టం ఉంది. ఉద్యోగులకు పనిలో తప్పనిసరైన గ్లోవ్స్, మాస్క్, సేఫ్టీ షూస్ యజమానే ఇవ్వాలి, వాటికి డబ్బులు తీసుకోకూడదు. 2022 ఏప్రిల్ నుంచి క్యాజువల్ వర్కర్లకూ ఈ సామగ్రి ఇవ్వాల్సిందే. కొత్తగా వచ్చాం, అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి. జీతం ఇంటికి పంపొచ్చు, ఊపిరితిత్తులు మాత్రం మనతోనే ఉండాలి.

ఉంటానండి. వచ్చే వారం కలుద్దాం.